స్పెయిన్ గోల్‌కీపర్ తలకాయ

ఆ మనిషంటే నాకు మొదటిరోజే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళయింది కదా, ఇప్పుడు కాస్త మెత్తబడి రాస్తానని మీరనుకుంటే పొరపాటు. ఇప్పటికీ మండుతుంది. కాకపోతే ఆ మంటలో సగం నా మీద నాకే.

అప్పుడు నేను టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో పనిచేసేదాన్ని. గుంటూరులో చదివి, ఇక్కడి లైసెన్స్ పరీక్ష రెండో ప్రయత్నంలో గట్టెక్కి, హెచ్-1బి మీద వచ్చినదాన్ని. మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా లాస్ కోలినాస్ ఆఫీసుల్లో కూర్చుని మెడలు పట్టేసిన మనవాళ్ళూ, మోకాళ్ళు మార్పించుకున్న ముసలమ్మలూ. ఒక ఏడాది మా ఓనర్ ఊళ్ళో ఉన్న ఫుట్‌బాల్ క్లబ్‌తో కాంట్రాక్ట్ కుదుర్చుకొచ్చాడు. ఇక్కడివాళ్ళు సాకర్ అంటారే, ఆ ఫుట్‌బాల్. రెండో డివిజన్ క్లబ్బు. హైవే పక్కన ఒక హైస్కూల్ స్టేడియం అద్దెకు తీసుకుని ఆడేవాళ్ళు. ప్లాస్టిక్ గడ్డి మీద రెండు రకాల ఫుట్‌బాళ్ళ గీతలూ ఒకదాని మీద ఒకటి గీసి ఉండేవి. జులై మధ్యాహ్నం ఆ గడ్డి మీద నిలబడితే పెనం మీద నిలబడ్డట్టే. "వారానికి నాలుగు రోజులు నువ్వక్కడ," అన్నాడు ఓనర్. ఆ ఆట గురించి నాకు తెలిసింది బంతి గుండ్రంగా ఉంటుందని, అంతే.

గోల్‌కీపర్ స్పెయిన్ వాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. మొదటిరోజు నా టేబుల్ మీదికి తడి గ్లవ్స్ విసిరేసి, నా మొహం కూడా చూడకుండా, "నర్స్, ఐస్," అన్నాడు.

"నేను నర్స్‌ని కాదు. ఫిజికల్ థెరపిస్ట్‌ని."

"సరే నర్స్," అన్నాడు.

ఆ సీజన్ మొత్తం నేనతనికి నర్స్‌నే. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషే. అతని ఇంగ్లీషులో స్పెయిన్, నా ఇంగ్లీషులో గుంటూరు. అయినా తిట్టుకోవడానికి మాకు ఏనాడూ మాటలకు కరువు రాలేదు. నా చేతులు చల్లగా ఉన్నాయని తిట్టేవాడు. కట్టు బిగువైందని తిట్టేవాడు, వదులైందని తిట్టేవాడు. వేళ్ళకు టేప్ మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు, తనే చుట్టుకునేవాడు. నేను అతనికి వినపడేలాగే తెలుగులో "దున్నపోతు వెధవ" అనుకుంటూ భుజానికి మషీన్ పెట్టేదాన్ని. అర్థం కాకపోయినా అర్థమయ్యేది అతనికి. గుడ్లురిమి చూసేవాడు.

భుజానికి రోజూ ఇరవై నిమిషాలు ట్రీట్‌మెంట్. ఆ ఇరవై నిమిషాలూ తన కెరీర్ గురించి చెప్పేవాడు. చెప్పడం కాదు, దెప్పడం. తనెక్కడివాడో, ఎక్కడికొచ్చి పడ్డాడో అని. పదమూడో ఏట పెద్ద క్లబ్బువాళ్ళు ఇంటికొచ్చి మరీ తీసుకెళ్ళారట. ఇరవై ఒకటో ఏటికి మొదటి డివిజన్ జట్టులో చోటు. మనందరికీ టీవీలో తెలిసిన మొహాలతో ఒకే బస్సు, ఒకే హోటల్, ఒకే డ్రెస్సింగ్ రూము. వినీ వినీ విసుగొచ్చి ఒకరోజు అడిగాను.

"ఇంతకీ ఎన్ని మ్యాచ్‌లు ఆడావు?"

 మషీన్ ఆగాక లేచి చొక్కా వేసుకుంటూ, "మొదటి డివిజన్‌లో పదకొండు," అన్నాడు.

"ఏడాదికా?"

"మొత్తం."

పంతొమ్మిదేళ్ళ కెరీర్‌లో పదకొండు. మిగతాదంతా బెంచీ. నాకు నవ్వొచ్చింది, దాచుకోలేదు కూడా. "ఈ బెంచీ మీద కూర్చోవడానికి ఇంటికొచ్చి తీసుకెళ్ళారా?" అన్నాను. ఆ మాటకి అతను నన్ను తిట్టలేదు. అనకుండా ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది, అప్పుడు మాత్రం గెలిచాననుకున్నాను. ఇర్వింగ్‌లోనే, ముప్ఫై ఎనిమిదో ఏట, పెనం లాంటి గడ్డి మీద, రెండువేల మంది కూడా రాని స్టేడియంలో, అతను జీవితంలో మొదటిసారి ఒక జట్టుకి నంబర్ వన్ గోల్‌కీపర్ అయ్యాడు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఇక అసలు విషయానికొస్తాను. సీజన్ మొదలయ్యే ముందు ప్రతి ఆటగాడికీ ఒక కంప్యూటర్ పరీక్ష పెట్టాలి. తలకి సంబంధించింది. తెర మీద కొన్ని మాటలు వస్తాయి, గుర్తుపెట్టుకోవాలి. కొన్ని బొమ్మలొస్తాయి, గుర్తుపెట్టుకోవాలి. రంగులొస్తాయి, ఫలానా రంగు కనపడగానే మీట నొక్కాలి. తలకి దెబ్బ తగలకముందు ఆ మనిషి మెదడు ఎలా పనిచేస్తోందో దాంట్లో రికార్డవుతుంది. దాన్ని బేస్‌లైన్ అంటారు. తరవాత ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. మొదటిదానికంటే తగ్గితే ఆడనివ్వరు, తగ్గకపోతే ఆడొచ్చు. పరీక్ష నేను పెట్టి, కాగితం మీద 'ఫిట్' అన్నచోట టిక్ పెడితే, వారానికోసారి వచ్చే డాక్టరు నా టిక్ చూసి సంతకం చేసేవాడు.

సామాన్ల గదిలో లాప్‌టాప్ పెట్టి, రెండు రోజుల్లో జట్టందరికీ పరీక్ష లాగించేశాను. ఆ పరీక్ష స్పానిష్‌లో కూడా ఉంది. ఒక్క క్లిక్‌తో మారుతుంది. మార్చలేదు. గోల్‌కీపర్‌కి ఇంగ్లీష్ సరిగా రాకపోతే వాడి ఖర్మ అనుకున్నాను. అందరికంటే ముందు ముగించి, కుర్చీ వెనక్కి తన్ని వెళ్ళిపోయాడు. జట్టు మొత్తంలో అందరికంటే తక్కువ వచ్చింది. చిన్నప్పుడే బడి మానేసి బంతి వెంట పడినవాడికి ఇంతకంటే ఏం వస్తుంది అని, ఆ కాగితం ఫైల్లో పెట్టేశాను.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక పేషెంట్ నా ఎదురుగానే రిసెప్షన్‌లో, "ఇంగ్లీష్ వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగింది. పార్కింగ్‌లో కార్‌లో కూర్చుని ఏడ్చాను ఆవేళ. ఆ అవమానం రుచి తెలిసినదాన్ని. తెలిసి తెలిసి అదే తీసుకెళ్ళి ఇంకొకడికి వడ్డించాను.

ఆగస్టులో ఒక మ్యాచ్‌లో, కార్నర్ బంతి పట్టుకోబోతుంటే అవతలి జట్టువాడి మోకాలు అతని కణతకి తగిలింది. ఆ చప్పుడు నాకు బెంచీ దగ్గరికి వినపడింది. బ్యాగు పట్టుకుని పరిగెత్తాను. నేను చేరేలోపే లేచి నిలబడి, ఈగను తోలినట్టు చెయ్యి ఊపి నన్ను వెనక్కి పంపేశాడు. రిఫరీ కూడా పట్టించుకోలేదు. మ్యాచ్ అయిపోయాక పట్టుబట్టి, రెండు రోజుల తరవాత పరీక్షకి కూర్చోబెట్టాను. బేస్‌లైన్ ఎంతో, ఇదీ అంతే. వెంట్రుకవాసి ఎక్కువే. టిక్ పెట్టాను. డాక్టర్ సంతకం పెట్టాడు. మూడు మ్యాచ్‌లు ఆడాడు.

ఆ మూడు వారాల్లో అతను మెత్తబడ్డాడు. టేబుల్ మీద పడుకుని ఏమీ మాట్లాడేవాడు కాదు. ట్యూబ్‌లైట్ ఆపమని అడిగాడొకసారి. "ఇది నీ బెడ్‌రూమ్ కాదు," అన్నాను. మోచెయ్యి కళ్ళకడ్డం పెట్టుకున్నాడు. కెరీర్ కథలు ఆగిపోయాయి. తిట్లు ఆగిపోయాయి. ఆ కథల పీడ విరగడైందని నేను సంతోషపడ్డాను. చదువుకున్నదాన్ని, లైసెన్స్ ఉన్నదాన్ని, సంతోషపడ్డాను!

నాలుగో మ్యాచ్ ముందురోజు ప్రాక్టీసుకి టేప్ చుట్టుకుంటున్నాడు. అతని పద్ధతి మారదు. ముందు ఎడమచెయ్యి, చిటికెనవేలు మొదలు. తరవాత కుడిచెయ్యి. ఆ వేళ్ళల్లో తిన్నగా ఉన్నవి మూడో నాలుగో, మిగతావన్నీ ఎప్పుడో ఒకప్పుడు విరిగి అతుక్కున్నవే. ఎడమచెయ్యి పూర్తి చేశాడు. టేప్ కింద పెట్టాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ ఎడమ చిటికెనవేలికి, చుట్టిన టేప్ మీదే, చుట్టడం మొదలుపెట్టాడు. రెండో వేలు, మూడో వేలు.

"ఆ చెయ్యి అయిపోయింది," అన్నాను.

ఆ చెయ్యెవరిదో తెలియనట్టు దానివైపు చూశాడు. టేప్ గోడకేసి కొట్టి స్పానిష్‌లో ఏదో బూతు తిట్టాడు. ఆ బూతు కూడా ఆలస్యంగా వచ్చింది.

అతను గ్రౌండ్‌లోకి వెళ్ళాక ఫైలు తీశాను. ఈసారి మొత్తం చదివాను. మాటల భాగంలో తక్కువ, అది ఇంగ్లీష్ అనుకుందాం. బొమ్మల భాగంలో తక్కువ. రంగు కనపడగానే మీట నొక్కే భాగంలో, జట్టు మొత్తం మీద అందరికంటే నెమ్మది ఇతనే. దానికి ఇంగ్లీష్ ఎందుకు? టికెట్ కౌంటర్లో కూర్చునే అమ్మమ్మ ఒకావిడ సరదాగా ఆ పరీక్ష రాసింది, ఆవిడ కూడా ఇతనికంటే త్వరగా నొక్కింది. అరక్షణంలో వచ్చిపడే బంతిని ఆపడమే బతుకుతెరువైన మనిషి! చంటిపిల్లాడికి కూడా అనుమానం రావాలి. నాకు రాలేదు. వాడు మొద్దు అని ముందే తీర్పు చెప్పేసుకున్నాను కాబట్టి కాగితంలో మొద్దే కనపడ్డాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఊరికే అన్నారా?

సామాన్ల గదిలో నిలదీశాను. "బేస్‌లైన్ కావాలని తప్పు రాశావు కదా?"

దాచలేదు. నవ్వాడు. "మొదట్లోనే తక్కువ చూపిస్తే, తరవాత దెబ్బ తగిలినా తేడా కనపడదు. అందరూ చేసేదే. నువ్వింత ఆలస్యంగా కనిపెట్టావేంటి, నర్స్?"

"ఇది చెయ్యి కాదు, కాలు కాదు. తల. ఇంకో దెబ్బ తగిలితే లేవకపోవచ్చు."

అప్పుడు చెప్పాడు, ఆ పదకొండు మ్యాచ్‌ల కథ. "మిగతా ఆటగాళ్ళ బెంచీ వేరు, గోల్‌కీపర్ బెంచీ వేరు," అన్నాడు. "వాళ్ళని ఆట చివర్లో అయినా దింపుతారు. గోల్‌కీపర్‌ని ఎప్పుడు దింపుతారు? మొదటివాడు విరిగితేనే. ఆరేళ్ళు ప్రతి ఆదివారం చర్చిలో అదే మొక్కుకున్నాను, వాడి వేలు విరగాలని. చివరికి మణికట్టు విరిగింది. నేను దిగాను. పదకొండు మ్యాచ్‌లు. బాగా ఆడాను, కావాలంటే వెతికి చూసుకో. తరవాత నా వేలు విరిగింది. పిచ్చివాణ్ణి కదా, డాక్టర్‌కి చెప్పాను. మూడు వారాలే అన్నాడు. మూడు వారాలు నా చోట్లో నిలబడినవాడు ఆ చోటు మళ్ళీ నాకివ్వలేదు. ఆరోజు నుంచి ఏ డాక్టర్‌కీ నేను నిజం చెప్పలేదు. నీకూ చెప్పను."

"తల నీది, నాకేం పోయింది?" అని కోపంగా అన్నాను.

"కాంట్రాక్ట్ కూడా నాదే. రేపు మ్యాచ్, శనివారం ప్లేఆఫ్. రెండూ ఆడితే వచ్చే ఏడాదికి సంతకం పెట్టిస్తారు. ఆడకపోతే ఈ దేశంలో ఉండటానికి నాకు కాగితం లేదు. నీకు తెలియనిదా?" ఆగి, నా కళ్ళలోకి చూశాడు. "అయినా ఫిట్ అని టిక్ పెట్టింది నువ్వు. ఇప్పుడు తీసేస్తే, తప్పెవరిదంటారు?"

నిజమే మరి. అంటే నాదే అంటారు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి దొండకాయలు తరుగుతూ మా ఆయనతో చెప్పాను. అవి రిసెషన్ రోజులు. ఆయన ప్రాజెక్ట్ పోయి, నా వీసా మీద డిపెండెంట్‌గా మారి, రోజంతా రెజ్యూమేలు పంపుకుంటూ ఇంట్లో ఉండేవాడు. నా హెచ్-1 ఎక్స్‌టెన్షన్ అప్పటికి ఇంకా రాలేదు.

"నీకెందుకే ఆ గొడవ?" అన్నాడు. "ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. ఇప్పుడు 'నేనే తప్పు చదివాను' అని మెయిల్ పెడతావా? ఓనర్‌కి కాలితే ఇద్దరం ప్యాక్ చేసుకోవడమే. సీజన్ అయ్యేదాకా సైలెంట్‌గా ఉండు."

"వాడికేమన్నా అయితే?"

"ఏమీ కాదులే. గోల్‌కీపర్ కదా, ఊరికే నిలబడేవాడేగా."

కత్తిపీట పక్కకి నెట్టి, ఉప్పు డబ్బా దగ్గర్నుంచి వాళ్ళ వంశం దాకా తిట్టాను ఆయన్ని. తిట్టి, ఆయన చెప్పినట్టే చేశాను. సైలెంట్‌గా ఉన్నాను. మర్నాడు మ్యాచ్‌కి అతను దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను. తొంభై నిమిషాలూ బంతి గాలిలోకి లేచిన ప్రతిసారీ బ్యాగు పట్టుకుని సగం లేచాను. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కదా అని ఇంకో మూడు రోజులు నోరు కుట్టుకున్నాను. నా బతుకులో నా మొహం అద్దంలో చూసుకోవాలంటే అసహ్యం వేసిన రోజులవి. ఎవరికీ చెప్పలేదు ఇంతవరకు.

ప్లేఆఫ్‌కి రెండు రోజుల ముందు ప్రాక్టీసులో, ఎవరూ తాకకుండానే, అతను గోల్ వెనక్కి నడిచి, వలకి అవతల మోకాళ్ళ మీద కూర్చుని వాంతి చేసుకున్నాడు. గ్లవ్‌తో మూతి తుడుచుకున్నాడు. తలెత్తేసరికి నేను చూస్తున్నాను. అంతదూరం నుంచి నాకేసి తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దని. దగ్గరికొచ్చాక, మొదటిసారీ చివరిసారీ, "ప్లీజ్," అన్నాడు. ఆ రోజు నర్స్ అనలేదు.

లోపలికెళ్ళి మెయిల్ రాశాను. డాక్టర్‌కి, కోచ్‌కి, మా ఓనర్‌కి. బేస్‌లైన్ చెల్లదు, తప్పు చదివింది నేనే, ఇతన్ని ఆడనివ్వొద్దు అని. మళ్ళీ చదవకుండా పంపేశాను. 

శనివారం రెండో గోల్‌కీపర్ దిగాడు. ముప్ఫైకి దగ్గరపడిన అమెరికన్, పొద్దున పూట ఫర్నిచర్ డెలివరీ చేసుకుంటూ ఆ సీజనంతా బెంచీ మీద కూర్చున్నవాడు. పెనాల్టీ ఒకటి ఆపాడు. జట్టు గెలిచింది. ఓడిపోయినా బాగుండేదని నాకనిపించింది, నేను వాళ్ళ జీతం తింటూ కూడా. డ్రెస్సింగ్ రూములో అందరూ అరుస్తూ గంతులేస్తుంటే ఇతను మామూలు బట్టల్లో నా టేబుల్ దగ్గరికొచ్చాడు.

"నా చోట్లో దిగినవాడు నీకెంతిచ్చాడు?" అన్నాడు, అందరికీ వినపడేలాగ. నేను నోరు తెరిచేలోపే నా కాళ్ళ దగ్గర ఉమ్మి వెళ్ళిపోయాడు.

క్లబ్బు అతని కాంట్రాక్ట్ పొడిగించలేదు. ఓనర్ నన్ను క్లబ్బు పని నుంచి తీసేసి మళ్ళీ ముసలమ్మల మోకాళ్ళ దగ్గరికి పంపాడు. క్లోజ్డ్ డోర్ మీటింగ్ ఒకటి పెట్టి అరగంట చీవాట్లు పెట్టాడు కానీ, ఎక్స్‌టెన్షన్ మాత్రం ఆపలేదు. మా ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఒక మనిషి తల కాపాడానన్న తృప్తి ఉండి ఉంటుంది కదా అని అడుగుతారు కొందరు. ఉమ్మి తుడుచుకున్నవాళ్ళని అడగండి, తృప్తి గురించి.

నవంబర్‌లో అతను మా క్లినిక్‌కి వచ్చాడు. న్యూరాలజిస్ట్ పంపాడు, అదే పరీక్ష మళ్ళీ రాయించమని. దేశం వదిలి వెళ్ళడానికి అతనికింక రెండు వారాలే ఉంది. ఆ పరీక్ష పెట్టడం వచ్చినదాన్ని మా దగ్గర నేనొక్కదాన్నే. లోపలికొచ్చి పలకరించకుండా కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. టోపీ కళ్ళమీదికి లాక్కుని ఉన్నాడు. లైట్లు నేనే తగ్గించాను. ఈసారి భాష స్పానిష్‌కి మార్చి లాప్‌టాప్ అతని వైపు తిప్పాను.

"నిజంగా రాయి ఈసారి," అన్నాను. "దాచడానికి నీకిప్పుడు మ్యాచ్‌లేం లేవు." ఆ మాటలో ఉన్న విషం కావాలనే పెట్టాను. ఉమ్మిన సంగతి నేను మర్చిపోలేదు.

 టోపీ తీసి పక్కన పెట్టాడు. ముందుకు వంగి, పెనాల్టీకి నిలబడినట్టు రెండు చేతులూ బల్ల మీద చాపాడు. మాటలు తెర మీద వస్తుంటే పెదవులు కదుపుతూ ఒక్కొక్కటీ లోపల వల్లించుకున్నాడు. అతని సొంత భాష, చిన్నప్పటి మాటలు. నుదురంతా చెమట పట్టింది. రంగు కనపడినప్పుడల్లా ఆ వంకర వేలు మీట మీదికి దూకింది, ప్రతిసారీ కొంచెం ఆలస్యంగా. మొదటిసారి పావుగంటలో విసిరికొట్టి వెళ్ళినవాడు ఈసారి ముప్పావుగంట కూర్చున్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా తల పక్కకి తిప్పలేదు.

అయిపోయాక, "ఎంత?" అన్నాడు.

తెర తిప్పి చూపించాను. పక్కన మొదటి పరీక్ష అంకెలు కూడా ఉన్నాయి, కావాలని తప్పు రాసినవి. ఇప్పుడొచ్చినవి వాటికంటే తక్కువ. అన్ని భాగాల్లోనూ. ఎటు చూసినా అబద్ధమే మెరుగ్గా ఉంది.

ఒక్కొక్క అంకె పోల్చి చూసుకున్నాడు. అరచేత్తో నుదుటి చెమట తుడుచుకున్నాడు. తరవాత కుర్చీ వెనక్కి తన్ని లేచి, టోపీ పెట్టుకుని, పాత నవ్వు నవ్వాలని చూశాడు.

"కావాలనే చేశాను," అన్నాడు. "ఈసారి కూడా కావాలనే, నర్స్."

అబద్ధమని తెలిశాక ఆ మనిషి మాట ఒక్కటి కూడా నేను మొహాన కొట్టకుండా వదల్లేదు అంతవరకు.

"నాకూ అలాగే అనిపించింది," అన్నాను.